కాలాన్ని ముందువెనుకలు చేసిన ప్రతి తెలుగు సినిమానూ "నోలన్ శైలి" అనడం న్యాయమేనా?

వెన్నెల_చదువరి

ఈ వేదికలో కొన్ని నెలలుగా ఒకే మాట పదేపదే కనిపిస్తోంది. ఏ సినిమాలోనైనా ఫలితం ముందు వచ్చి కారణం తర్వాత వస్తే చాలు, ఎవరో ఒకరు ఇది హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ శైలి అని రాస్తారు, మరొకరు వచ్చి కాదు, అక్కడి మరో దర్శకుడు టరంటీనో శైలి అంటారు, అక్కడితో చర్చ ఆగిపోతుంది. నిన్న ఒక సభ్యులు 'కేరాఫ్ కంచరపాలెం'ను కూడా అదే గాటన కట్టడం చూసి నాకు నిజంగా కష్టం కలిగింది. ఆ సినిమా ఇంకా చూడనివారు ఈ చర్చను ఇక్కడే ఆపి, చూసి వచ్చాక చదవవలసిందిగా కోరుతున్నాను. ముగింపు చెప్పకుండా దాని గురించి మాట్లాడడం సాధ్యం కాదు.

2018లో ఆ సినిమాను మా అమ్మతో కలిసి రాజమండ్రిలో చూశాను. అమ్మ నోలన్ పేరు వినలేదు, స్క్రీన్‌ప్లే అన్న మాట కూడా ఆమె నోట రాదు. బడిపిల్లవాడు సుందరం, యువకుడు జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, పెళ్లి కాని 49 ఏళ్ల అటెండరు రాజు, ఈ నలుగురి ప్రేమలూ పక్కపక్కనే నడుస్తున్నప్పుడు ఆమె నా చెవిలో, "ఇన్ని కథలూ సగంలోనే తెగిపోతున్నాయేమిటే" అంది. నలుగురూ ఒక్కడే అని తెలిశాక చాలాసేపు మాట్లాడలేదు. బయటికి వచ్చి రిక్షా ఎక్కబోతూ, "ఒక్క మనిషికే ఇన్నిసార్లా" అని మాత్రం అంది. ఆ అనుభవాన్ని ఒక దర్శకుడి పేరు తగిలించి సరిపెట్టడం నాకు రుచించడం లేదు.

అందుకే అడుగుతున్నాను. నోలన్ శైలి అని మనం అంటున్నది కచ్చితంగా ఏమిటి? కథలోని కాలాన్ని అటూ ఇటూ మార్చడమే శైలి అయితే ప్రపంచంలో సగం సినిమాలు ఆయనవే కావాలి. అది కాకపోతే, ఆయన శైలి నిజంగా కనిపించే తెలుగు సినిమా ఏది?

నోలన్‌పక్షం

మీరు చెప్పిన ఆ సభ్యుణ్ని నేనే. పోలిక చెప్పడం చిన్నబుచ్చడం కాదని మొదట మనవి చేస్తున్నాను.

నోలన్ తీసిన 'మెమెంటో' (2000)లో రంగుల సన్నివేశాలు, నలుపు తెలుపు సన్నివేశాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే అవి రెండు వేర్వేరు దారులని అనుకుంటాము. నలుపు తెలుపు భాగమంతా ముందు జరిగినదని, రంగుల భాగం దాని తర్వాతిదని, పైగా అది వెనక్కి నడుస్తూ మొదటి దానిని కలుసుకుంటోందని చివరికి స్థిరపడుతుంది. పోలరాయిడ్ ఫొటోలో బొమ్మ మెల్లగా తేలుతుండగా తెర రంగులోకి మారే ఆ క్షణాన్ని నేను మరచిపోలేను. 'కంచరపాలెం'లో నాలుగు దారులు ఒకటైనప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ క్షణమే. ఏకకాలంలో జరుగుతున్నాయని మనం నమ్మినవి నిజానికి ఒకదాని వెనుక ఒకటి జరిగినవి. ఇద్దరు దర్శకులూ దాచినది ఒకటే. ఇందులో తప్పు ఎక్కడుందో చెప్పండి.

మూడోవరుస

నోలన్‌పక్షం గారి మాటలో బలం ఉంది. నేను ఇప్పటివరకు ఆ కోణంలో ఆలోచించలేదు.

వెన్నెల_చదువరి

దాచిన విషయం ఒకటేనని ఒప్పుకుంటున్నాను, ఇది నాకు తట్టలేదు. కానీ దాచిన కారణం ఒకటి కాదు. 'మెమెంటో'లో కథానాయకుడు లెనార్డ్‌కు కొత్త జ్ఞాపకాలు నిలవవు. అతనికి ఇంతకుముందు ఏం జరిగిందో తెలియదు, వెనక్కి నడిచే కథలో మనకూ తెలియదు. దర్శకుడు మనల్ని అతని జబ్బులోకి దించాడు. 'కంచరపాలెం'లో రాజు ఏదీ మరచిపోలేదు. అన్నీ గుర్తుంచుకుని కూడా మళ్లీ ప్రేమించగలిగాడు. ఒకచోట వరుస మార్చింది మతిమరుపు కోసం, మరొకచోట జ్ఞాపకం కోసం. ఆ రెంటినీ ఒకే పేరుతో ఎలా పిలుస్తాము?

కత్తెరబల్ల

నేను 11 ఏళ్లుగా హైదరాబాదులో ఎడిటింగ్ గదుల్లో సహాయకుడిగా పనిచేస్తున్నాను, అందువల్ల ఈ ప్రశ్న నాకు రోజువారీ ప్రశ్న. వెన్నెల గారు చెప్పిన కారణం సరైనదే, దానికి పని వైపు నుంచి కొంత చేరుస్తాను.

'మెమెంటో'ను జాగ్రత్తగా చూస్తే, ప్రతి రంగుల సన్నివేశం చివర, అంతకుముందు మనం చూసిన రంగుల సన్నివేశపు మొదటి క్షణాలు మళ్లీ కనిపిస్తాయి. వడ్రంగి రెండు చెక్కలను గాడి తీసి అతికించినట్లు ఆ అతుకులను రాతలోనే సిద్ధం చేసుకున్నారు. ఆ గాడి లేకపోతే ప్రేక్షకుడు పది నిమిషాల్లో దారి తప్పుతాడు. ఆ సినిమా డీవీడీల్లో ఒకదానిలో కథ మొత్తాన్ని కాలక్రమంలో చూసే సదుపాయం దాచి పెట్టారు. నేను అలా చూశాను. కథ పూర్తిగా అర్థమైంది, కానీ ఆ సినిమా అక్కడ లేదు. ఒక మనిషి మోసపోతుంటే మనం పైనుంచి చూస్తూ కూర్చుంటాము, అంతే. మామూలు వరుసలో మనమే మోసపోతాము.

ఇక నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట పనిచేసిన ఒక సినిమా మొదటి కూర్పు చాలా సాదాగా ఉందని నిర్మాతకు అనిపించింది. "నోలన్ లాగా ముక్కలు చేయండి" అన్నారు. చివర జరిగే హత్యను ముందుకు తెచ్చాము, మొదటి పరిచయాన్ని ఇంటర్వెల్ తర్వాతకు పంపాము, పది రోజులు రాత్రింబవళ్లు వరుసలు మార్చాము. తీరా నలుగురికి చూపిస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్కరికీ అర్థం కాలేదు. లోపం ఎక్కడుందో బల్ల ముందు కూర్చున్నాక తెలిసింది. రాసినవారు కథను కాలక్రమంలో రాశారు కాబట్టి ప్రతి పాత్రా ప్రతి సన్నివేశంలోనూ ముందు జరిగినదాన్ని తలచుకుంటూ మాట్లాడుతుంది. వరుస మారాక, ప్రేక్షకుడు ఇంకా చూడని సంగతులను పాత్రలు తలచుకోవడం మొదలైంది. చివరికి మొదటి వరుసకే తిరిగి వచ్చాము. కాలాన్ని మార్చే సినిమాను కాగితం మీదే మార్చి రాయాలని, కత్తెరతో ఆ పని జరగదని నాకు ఆ పది రోజులూ నేర్పాయి.

మూడోవరుస

మరి 'గజిని' సంగతేమిటి? జబ్బు అదే కదా.

కత్తెరబల్ల

జబ్బు అదే, ఫొటోలూ పచ్చబొట్లూ అవే. 2005లో మురుగదాస్ గారు తీసిన ఆ సినిమా నిర్మాణం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ గతాన్ని ఎవరో ఒకరు డైరీ తెరిచి చదువుతారు, మనకు ఫ్లాష్‌బ్యాక్ వరుసగా, నింపాదిగా వస్తుంది. హీరోకు తెలియనిది మనకు తెలుస్తుంది, అందుకే అతని మీద జాలి కలుగుతుంది. 'మెమెంటో'లో జాలికి చోటు తక్కువ, అనుమానానికి ఎక్కువ. వస్తువు ఒకటే అయినా వరుస మారితే రసమే మారిపోతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రాతప్రతి

టరంటీనోను కూడా అదే గంపలో వేయడం మీద నాకు అభ్యంతరం ఉంది. ఆయన సినిమాల్లో పొడుపుకథ ఉండదు. 'పల్ప్ ఫిక్షన్' (1994) ఒక హోటల్లో దోపిడీతో మొదలై అదే హోటల్లో ముగుస్తుంది, మధ్యలో అధ్యాయాలకు పేర్లు పెట్టి మరీ చూపిస్తారు. నవల చదివేవాడు అధ్యాయాల మధ్య కాలం దూకితే కంగారుపడడు, సినిమా చూసేవాడు మాత్రం ఎందుకు కంగారుపడాలి అన్నది ఆయన ధోరణి.

ఆ సినిమా మధ్యలో విన్సెంట్ అనే కిరాయి హంతకుడు బుచ్ అనే బాక్సర్ చేతిలో చనిపోతాడు. చివరి సన్నివేశంలో అదే విన్సెంట్ బతికి ఉండి, తోటి హంతకుడు జూల్స్ పక్కన నడుస్తూ హోటల్ బయటికి వెళ్తాడు. తుపాకీ గుళ్లు తమకు తగలకపోవడం దైవకృప అని నమ్మిన జూల్స్ ఆ వృత్తినే వదిలేస్తానంటాడు, విన్సెంట్ అది కాకతాళీయమని కొట్టిపారేస్తాడు. వారిలో ఎవరికి ఏం జరుగుతుందో ఒకరికీ తెలియదు, మనకు తెలుసు. కాలక్రమంలో పెడితే చివరి దృశ్యం బుచ్ మోటారు సైకిల్ మీద ఊరు వదిలి వెళ్లడం అవుతుంది, అది ఒక మామూలు తప్పించుకోవడం. ఇప్పుడున్న వరుసలో చివరి దృశ్యం ఒక మనిషి మారడం, ఇంకొకడు మారకపోవడం. టరంటీనో ఇక్కడ మన కంటికి ఏమీ దాచలేదు, పైగా ముందుగానే ఎక్కువ చూపించాడు. నోలన్ దాస్తాడు, ఈయన ముందే చూపిస్తాడు. వీరిద్దరినీ ఒకే వాక్యంలో ఇరికించినవారు రెండు రకాల సినిమాలనూ సరిగా చూడలేదని నా అభిప్రాయం.

మూడోవరుస

ముందు ఫలితం, తర్వాత కారణం అన్నదే టరంటీనో పద్ధతి అయితే 'బాహుబలి' కూడా అందులోకి వస్తుంది కదా. కట్టప్ప కత్తి దింపడం 2015 జూలైలో చూశాము, ఎందుకో 2017 ఏప్రిల్లో తెలుసుకున్నాము.

రాతప్రతి

నవ్వు తెప్పించినా ఇది ఆలోచించవలసిన మాటే. ఆ మరణం మనకు ముందే తెలుసు కాబట్టి రెండో భాగంలో కట్టప్ప, బాహుబలి కలిసి నవ్వుకునే సన్నివేశాలన్నీ బరువెక్కాయి. కుంతల రాజ్యంలోని హాస్యం కూడా ఆ నీడలోనే నడుస్తుంది. కాలం ముందువెనుకలైన కథ తెలుగువారికి ఎక్కదని నాకు సలహా ఇచ్చే ప్రతి నిర్మాతకూ ఇకపై ఈ ఉదాహరణే చెబుతాను.

రీలుపెట్టె

తెనాలి వైపు ఒక థియేటర్లో 20 ఏళ్లకు పైగా ప్రొజెక్టర్ నడిపిన మనిషిని. తెలుగువారికి ఎక్కదు అన్న మాట మీద నేను చెప్పవలసింది కొంత ఉంది.

అప్పట్లో సినిమా పెట్టెల్లో వచ్చేది. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగుల లెక్కన నడుస్తుంది, 1000 అడుగుల రీలు 11 నిమిషాలు వస్తుంది. రెండు రీళ్లు కలిపి ఒక చుట్టగా ఎక్కించేవాళ్లం. ఒక రాత్రి రెండో ఆటలో, పక్క ఊరి నుంచి పెట్టెలు ఆలస్యంగా వచ్చిన తొందరలో, రెండు చుట్టలు తారుమారయ్యాయి. హీరో చెల్లెలు చనిపోయింది, ఆ తర్వాత చుట్టలో ఆమె పెళ్లి మొదలైంది. నేను భయపడి కిందికి చూశాను. హాలులో ఈల లేదు, కేక లేదు, అందరూ శ్రద్ధగా చూస్తున్నారు. అన్నగారు చెల్లెల్ని తలచుకుంటున్నారని అనుకున్నారు. చాలాసేపటికి ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చి, "బాబూ, పోయిన పిల్లకు పెళ్లి చేస్తున్నారు, అది తలపు అయితే తలపు అని ముందు చెప్పాలి కదా" అని అడిగారు. ఆ తప్పు నాదే, ఆయనకు క్షమాపణ చెప్పి రీలు మార్చాను. ఆయన అన్న మాట మాత్రం ఇప్పటికీ మనసులో ఉంది.

మన ప్రేక్షకుడికి కాలం వెనక్కి వెళ్లడం కొత్త కాదు. 'మూగమనసులు' (1964)లో గోదారి మీద పడవలో కొత్త దంపతులకు పోయిన జన్మ గుర్తుకొస్తుంది. 'సమరసింహా రెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) చూడండి, హీరో వేరే ఊరిలో వేరే మనిషిగా ఉంటాడు, అతడు ఎవరన్నది సగం సినిమా దాటాక వెనక్కి వెళ్లి చెబుతారు. అది కూడా దాచి చెప్పడమే. అయితే మన ఫ్లాష్‌బ్యాక్ తలుపు తట్టి లోపలికి వస్తుంది. హీరో దూరంగా చూస్తాడు, సంగీతం మారుతుంది, పక్కనున్న మనిషి "అసలు ఏం జరిగింది?" అని అడుగుతాడు. నోలన్, టరంటీనోల సినిమాల్లో తలుపు తట్టడం లేదు. మా పెద్దాయన అడిగింది ఆ తట్టడం గురించే.

సూరన_శిష్యుడు

రీలుపెట్టె గారు చాలా పెద్ద విషయం ముట్టుకున్నారు. మన కథల్లో కాలం మారేముందు ఒక వక్త, ఒక శ్రోత తప్పనిసరిగా ఉంటారు. భారతాన్ని నైమిశారణ్యంలో సూతుడు శౌనకాదులకు చెబుతాడు, ఆ లోపల జనమేజయుడికి వైశంపాయనుడు చెబుతాడు, దాని లోపల ఎన్నో ఉపాఖ్యానాలు. చందమామలో బేతాళ కథలు చదివిన ప్రతివారికీ కథలో కథ అలవాటే.

ఇందులో అన్నిటికంటే సాహసి 16వ శతాబ్దపు పింగళి సూరన. 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. ఆ కథలోని మనుషులు చెప్పే నాటికి ఇంకా పుట్టలేదు, ఆ తర్వాత భూమి మీద పుట్టి ఆ కథనే జీవిస్తారు. కావ్యం ద్వారకలో కలభాషిణి అనే వేశ్యాకన్యతో మొదలవుతుంది, ఆమె ఎవరో, తర్వాతి జన్మలో మధురలాలసగా పుట్టి ఏమవుతుందో తెలియడానికి ఎన్నో ఆశ్వాసాలు ఆగాలి. ముందు జరిగినవి తర్వాత, తర్వాత జరిగేవి ముందు తెలుస్తూ, ముడులన్నీ ఒక పసిపాప నోట విడిపోతాయి. నేను తరగతిలో ఈ కావ్యం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద గీత గీసి, సంఘటనలు జరిగిన వరుస పైన, సూరన చెప్పిన వరుస కింద రాస్తాను. పిల్లలకు ఒక్కసారిగా ఉత్సాహం వస్తుంది.

నోలన్‌పక్షం

గౌరవంతోనే విభేదిస్తున్నాను. ప్రతి చర్చలోనూ మనవారు ముందే చేశారన్న మాట వస్తుంది, దానితో ఇప్పటి సినిమా గురించి తెలిసేది ఏమీ ఉండదు. 'కంచరపాలెం' దర్శకులు వెంకటేశ్ మహా గారు సూరనను అనుసరించారని మీరు అనగలరా?

సూరన_శిష్యుడు

అనలేను, అనను కూడా. ముందు ఎవరు చేశారన్న పోటీ నా ఉద్దేశం కాదు. వెన్నెల గారు మొదట అడిగిన ప్రశ్నకు మనకు మాటలు కావాలి, ఆ మాటలు మన దగ్గరే ఉన్నాయని చెప్పాలనుకున్నాను. ఒక కథ కాలం తప్పినప్పుడు, దాన్ని ఎవరు ఎవరికి చెబుతున్నారు అని నేను మొదట అడుగుతాను. 'మహానటి'లో ఒక పాత్రికేయురాలు సావిత్రి జీవితాన్ని తవ్వి తీస్తుంది, ఆ అమ్మాయి మనకు వక్త. 'మెమెంటో'లో లెనార్డ్ తనకు తానే చీటీలు రాసుకుంటాడు, వక్తా శ్రోతా ఒక్కడే, పైగా వక్త అబద్ధం చెప్పగలడు. 'కంచరపాలెం'లో చివరివరకు వక్త ఉన్నాడనే మనకు తెలియదు. ఇలా చూస్తే మూడింటికీ మూడు స్వభావాలు కనిపిస్తాయి, ఏ దర్శకుడి పేరూ అవసరం పడదు.

వెన్నెల_చదువరి

నేను వెతుకుతున్నది ఇదే. వక్త ఉన్నాడని చివరివరకు తెలియకపోవడం అన్న మాటను రాసి పెట్టుకున్నాను.

అడయారుతెలుగు

మీ చర్చలో జపాను దర్శకుడు కురొసావా పేరు ఇంతవరకు రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1950లో వచ్చి, మరుసటి ఏడాది వెనిస్‌లో గోల్డెన్ లయన్ అందుకున్న ఆయన 'రషోమాన్'ను కూడా మనవారు ఈ జాబితాలోనే వేస్తారు. అక్కడ సమస్య కాలం కాదు. అడవిలో జరిగిన ఒకే నేరాన్ని బందిపోటు, భార్య, చనిపోయిన భర్త ఆత్మ, కట్టెలు కొట్టేవాడు నాలుగు విధాలుగా చెబుతారు. ముందేమిటి, వెనుకేమిటి అని కాకుండా ఎవరిని నమ్మాలి అన్నదే ప్రశ్న.

మద్రాసులో ఈ పద్ధతి త్వరగానే దిగింది. 1954లో ఎస్. బాలచందర్ ఏవీఎం వారికి తీసిన 'అంద నాళ్'లో మద్రాసు మీద జపాను బాంబులు పడిన 1943 నాటి ఒక హత్యను ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా ఊహిస్తారు. అందులో పాటలు లేవు, ఆ రోజుల్లో అది ఎంత ధైర్యమో ఆలోచించండి. తర్వాత కమల్ హాసన్ గారి 'విరుమాండి' (2004), తెలుగులో 'పోతురాజు', జైలులో ఇద్దరు ఖైదీలు ఒకే గతాన్ని చెరొక రకంగా చెప్పడం మీద నిలబడింది. మొదటివాడు చెప్పినప్పుడు విరుమాండి పరమ దుర్మార్గుడు, రెండోసారి అవే సంఘటనలు అతని నోట విన్నాక మనం అతని పక్షాన చేరిపోతాము. దీన్ని నోలన్ శైలి అంటే అది చరిత్ర తెలియకపోవడమే.

సిరిసిల్లబిడ్డ

'వేదం' (2010)ను కూడా ఎవరో ఒకసారి ఇక్కడ టరంటీనోతో పోల్చారు, దాని గురించి చెప్పాలి. మా ఊరి నేత పని నేపథ్యంగా ఉన్న సినిమా కాబట్టి నేను చాలాసార్లు చూశాను. అందులో ఐదు కథలు ఉన్నాయి, కానీ కాలం ఎక్కడా తప్పలేదు. ఐదు వాగులూ తమ తమ దారుల్లో ముందుకే పారి ఒక ఆసుపత్రిలో కలుస్తాయి.

అలా ఉండడమే దాని బలం. మనవడిని వెట్టి నుంచి విడిపించడానికి ముసలి నేతగాడు రాములు కోడలు మూత్రపిండం అమ్ముకుని డబ్బు తెచ్చుకుంటుంది. కేబుల్ రాజు ఆ డబ్బు దొంగిలించేటప్పుడు దాని విలువ ఎంతో మనకు ముందే తెలుసు, అతనికి తెలియదు. తాత వెంటపడి ప్రాధేయపడుతుంటే హాలులో నా పక్కన కూర్చున్న మా మేనమామ, మగ్గం మీద 40 ఏళ్లు గడిపిన మనిషి, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. వరుస తప్పించి ముందు దొంగతనం, తర్వాత ఆ డబ్బు కథ చూపించి ఉంటే మనకు ఆశ్చర్యం మిగిలేది, మా మామకు కలిగిన ఆ బాధ కలిగేది కాదు. అనేక కథలు ఉండడం వేరు, కాలం తప్పడం వేరు. దయచేసి ఈ రెంటినీ కలపవద్దు.

కత్తెరబల్ల

సిరిసిల్లబిడ్డ గారి విశ్లేషణతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. సరళరేఖలో చెప్పడం తక్కువరకం పని అన్న భావన మా రంగంలోని కుర్రవాళ్లలో బలంగా ఉంది. ఈ ఒక్క సన్నివేశం వారికి చూపించాలి.

ఉప్పుగాలి_విశాఖ

కంచరపాలెం మా ఇంటికి రెండు కిలోమీటర్లు. ఆ సినిమాలో నటించినవారిలో చాలామంది అక్కడివాళ్లే, తెరకు కొత్తవాళ్లు. మనం ఆ మలుపును ఎందుకు పసిగట్టలేకపోయామో నాకు తోచిన కారణం చెబుతాను. పేరున్న నటుడు ఉంటే అతని చిన్ననాటి పాత్ర ఎవరా అని మన కన్ను వెతుకుతుంది. ఇక్కడ అన్ని ముఖాలూ మనకు సమానంగా కొత్తవి, పోలికలు వెతకాలన్న ఆలోచనే రాలేదు. పైగా ఇది ఫలానా ఏడాది అని గట్టిగా చెప్పే గుర్తులు తెర ముందుకు తోసుకురావు. నాకైతే పాత ఇళ్లు, ఇరుకు సందులు, రైలు చప్పుడు నా చిన్నప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే అనిపించాయి. కాలాన్ని ఎడిటింగ్ ఎంత దాచిందో ఆ ఊరు కూడా అంత దాచింది.

మూడోవరుస

ఇంత చర్చ జరిగాక కూడా వెన్నెల గారి రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. నోలన్ శైలి నిజంగా ఉన్న తెలుగు సినిమా ఏది?

రాతప్రతి

నా ఓటు '1 నేనొక్కడినే' (2014)కు. సుకుమార్ గారి కథానాయకుడికి ఊహకూ నిజానికీ తేడా తెలియదు, మనం అతని కళ్లతోనే చూస్తాము కాబట్టి కొంతసేపు మనకూ తెలియదు. ఒక మనిషి తలలోని లోపాన్ని సినిమా నిర్మాణంగా మార్చడం, దానికి తల్లిదండ్రుల జ్ఞాపకాన్ని ముడివేయడం, ఇవి నోలన్‌కు దగ్గరి లక్షణాలే. విడుదలైనప్పుడు చాలామంది అర్థం కాలేదన్నారు. నేను మూడోసారి చూసినప్పుడు గానీ దాని కూర్పు నాకు పూర్తిగా పట్టుబడలేదు, ఆ శ్రమకు తగిన ఫలితం దక్కిందనే అంటాను.

'అంటే సుందరానికీ' (2022) కూడా కాలంలో విపరీతంగా ముందుకూ వెనక్కూ తిరుగుతుంది, కానీ అది వేరే జాతి. అబద్ధాలు చెప్పే ఇద్దరి కథ కాబట్టి, ఏ అబద్ధం ఎప్పుడు పుట్టిందో మనకు విడతలుగా చూపిస్తుంది. మొదటి సగం మరీ సాగిందన్న ఫిర్యాదును నేను కాదనను. ముడులు ఎక్కువ వేసి విప్పడం ఆలస్యం చేశారు.

నోలన్‌పక్షం

'1 నేనొక్కడినే' విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అయితే ఈ చర్చ చదువుతుంటే నోలన్ కేవలం పజిళ్లు చేసే మనిషి అన్న అభిప్రాయం స్థిరపడుతోంది, అది నన్ను బాధిస్తోంది.

ఆయన యుద్ధ చిత్రం 'డన్‌కర్క్' (2017)లో రేవు గట్టు మీది కథ ఒక వారం, సముద్రం మీది కథ ఒక రోజు, ఆకాశంలోది ఒక గంట. మూడింటినీ కలిపి 106 నిమిషాల్లో అల్లారు. పడవ ఎక్కించుకున్న ఒక సైనికుడు భయంతో వణుకుతూ, వెనక్కి తీసుకెళ్లవద్దని గొడవ పెడతాడు. ఆ తర్వాత వచ్చే రాత్రి దృశ్యంలో అదే మనిషి నిబ్బరంగా ఇతరులకు ఆజ్ఞలు ఇస్తూ కనిపిస్తాడు. ముందు పిరికివాడు అనుకున్నాము, తర్వాత అతడు ఎలాంటివాడో చూశాము. యుద్ధం మనిషిని ఏం చేస్తుందో ఆ వరుస తప్ప ఇంకేదీ అంత సూటిగా చెప్పలేదు. 'ఇంటర్‌స్టెల్లార్'లో ఒక గంట ఏడేళ్లతో సమానమైన గ్రహం మీద నుంచి తిరిగి వచ్చిన తండ్రి, 23 ఏళ్లుగా పోగుపడిన పిల్లల సందేశాలను వరుసగా చూస్తూ ఏడుస్తాడు. నేను ఇంటికి 13 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాను. మా నాన్నగారు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆయన పోయాక ఒక రాత్రి వరుసపెట్టి విన్నాను. అప్పటి నుంచి ఆ సన్నివేశం నాకు లెక్కల సన్నివేశం కాదు.

'కంచరపాలెం'కు ఆయన పేరు పెట్టింది కూడా ఈ అర్థంలోనే. కానీ ఆ పేరు ఒక్కటే రాసి ఊరుకోవడం వల్ల నా ఉద్దేశం ఎవరికీ చేరలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ పాత వ్యాఖ్యను ఈ రాత్రికి విస్తరించి రాస్తాను.

వెన్నెల_చదువరి

నోలన్‌పక్షం గారు, మీ నాన్నగారి గురించి చదివాక మొదటి టపాలో నా మాటలు కొంచెం కటువుగా ఉన్నాయనిపించింది, మన్నించండి.

కత్తెరబల్ల గారు కాలక్రమం గురించి రాసింది చదివి, నిన్న రాత్రి అమ్మతో మళ్లీ 'కంచరపాలెం' చూశాను. ఈసారి ముగింపు ఇద్దరికీ తెలుసు. మొదటిసారి అమ్మ చివర్లో కన్నీళ్లు పెట్టుకుంది, ఈసారి అరగంట కూడా కాకముందే, సుందరం సునీతను చూసి మురిసిపోయే బడి సన్నివేశంలోనే కళ్లు తుడుచుకుంది. ఎందుకమ్మా అంటే, "పోయినసారి ఈ పిల్లాణ్ని చూసి నవ్వానే" అంది.

నోలన్‌పక్షం

అమ్మగారికి 'మెమెంటో' కూడా చూపించండి. మధ్యలో ఆపి మీరే తెలుగులో చెబితే సరిపోతుంది. ఆమె ఏమన్నారో ఇక్కడ తప్పకుండా రాయండి.